లీటరుకి ఎంతిస్తుంది? సెకండ్ హ్యాండ్ కారు విషయంలో అసలు లెక్క

పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, మూడున్నర లక్షల్లో మంచి మైలేజీ ఇచ్చే కారు ఒకటి చూడాల. ఆదివారం వస్తావా?" అన్నాడు. తిరుపతిలో ఉంటాడు, ఇద్దరు పిల్లలు, ఆఫీసుకి బైకు మీదే పోతాడు. కారు ఇంటి అవసరాలకే. రేణిగుంట రోడ్డు, తిరుచానూరు రోడ్డు వైపు నాలుగైదు ఆటో కన్సల్టెన్సీలు తిరిగాం. ప్రతిచోటా వాడి మొదటి ప్రశ్న ఒకటే: "లీటరుకి ఎంతిస్తుంది?" జవాబు కూడా దాదాపు ఒకటే: "ఇరవై రెండుకి తగ్గదు సామీ."

పెట్రోల్ ధర చూస్తే ఎవరైనా అడిగే ప్రశ్నే అది. కానీ ఆ ఒక్క అంకె చూసి మూడు లక్షలు పెట్టేసి, తర్వాత క్లచ్చుకీ కాగితాలకీ మైలేజీలో మిగిలేదానికి పదింతలు ఖర్చు పెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. దానికి తోడు ఇప్పుడు జీఎస్టీ తగ్గింది, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చింది. పాత బండి కొనాలా, కొత్తదే మేలా, డీజిల్ మంచిదా అని అందరిలోనూ టెన్షన్. అందుకే మైలేజీ దగ్గరే మొదలుపెట్టి ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

కంపెనీ చెప్పే మైలేజీ ఎక్కడిది?

ప్రకటనల్లో కనిపించే అంకె రోడ్డు మీద తీసింది కాదు. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు కారుని ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలుస్తాయి. వేగం గంటకి 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ వేయరు. ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు, లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ కోసం ఆగడం ఉండదు. అన్ని కార్లకీ ఒకే పరీక్ష కాబట్టి ఏది ఎక్కువ ఏది తక్కువ అని పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మన జేబు లెక్కకి మాత్రం పనికిరాదు.

మారుతి స్విఫ్ట్ డీజిల్‌కి కంపెనీ చివర్లో చెప్పిన మైలేజీ 28.40. మే నెలలో ఏసీ వేసుకుని తిరుపతి ఊళ్లో తిరిగితే అంత ఎవరికీ రాదు. కంపెనీ అంకెలో పావు వంతు దాకా తీసేసి లెక్క వేసుకుంటే తర్వాత బాధపడక్కర్లేదని నా అనుభవం. తిరుమల కొండ మీదికి ఎక్కేటప్పుడు ఆ లెక్క కూడా నిలబడదు. రెండో ఘాట్ రోడ్డులో బండి ఎక్కువసేపు రెండో గేరు, మూడో గేరులోనే ఉంటుంది.

నిజమైన మైలేజీ తెలియాలంటే పాత పద్ధతే నమ్మకం. ట్యాంకు నిండా కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, తిరిగాక మళ్లీ అదే బంకులో నిండా కొట్టించడం. 312 కిలోమీటర్లు తిరిగాక 17.6 లీటర్లు పట్టిందనుకుందాం. 312ని 17.6తో భాగిస్తే 17.7. అమ్మేవాడి దగ్గర ఈ పరీక్ష చేయడం ఎలాగూ కుదరదు. కాబట్టి "ఇరవై రెండు" అన్న మాటని రుజువు చేయడానికీ లేదు, కాదనడానికీ లేదు.

నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం?

మా వాడిని ఈ ప్రశ్న అడిగితే ఆలోచించకుండా "వెయ్యి దాకా అవుతుందన్నా" అన్నాడు. కాగితం తీసి రాయమన్నాను. నెలకోసారి పలమనేరులో అత్తగారింటికి, రానూపోనూ సుమారు 220. ఊళ్లో వారానికి 60 చొప్పున 240. శ్రీకాళహస్తికో కాణిపాకానికో ఎప్పుడైనా ఒకసారి. మొత్తం కలిపినా 500 చుట్టూనే ఆగింది.

లెక్క కోసం లీటరు పెట్రోల్ 110 రూపాయలు, డీజిల్ 98 అనుకుందాం. నెలకి 500 అంటే ఏడాదికి 6,000 కిలోమీటర్లు. లీటరుకి 18 ఇచ్చే పెట్రోల్ కారుకి 333 లీటర్లు, అంటే దాదాపు 36,700 రూపాయలు. 22 ఇచ్చే డీజిల్ కారుకి 273 లీటర్లు, దాదాపు 26,700. తేడా ఏడాదికి పది వేలు. అదే వయసు డీజిల్ బండి 70 వేలు ఎక్కువ పలికితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. డీజిల్ సర్వీసింగ్‌కి ఏడాదికి నాలుగు వేలు అదనం అనుకుంటే దాదాపు పన్నెండేళ్లు. అప్పటికి ఆ బండి ఉండదు.

ఇదే లెక్క నెలకి 2,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి వేయండి. చిత్తూరు నుంచి రోజూ తిరుపతికి వచ్చిపోయే వాళ్లకి అది సులువుగా అవుతుంది. ఇంధనంలో ఏడాదికి దాదాపు 40 వేలు మిగులుతుంది. సర్వీసు అదనం ఎనిమిది వేలు తీసేసినా రెండేళ్లు దాటి రెండు మూడు నెలలకే ఆ 70 వేలూ వచ్చేస్తాయి. "డీజిల్ దండగ" అనేవాళ్లూ, "డీజిలే బంగారం" అనేవాళ్లూ ఇద్దరూ తమ తమ కిలోమీటర్ల లెక్కలో నిజమే చెబుతున్నారు.

మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధన రాగానే డీజిల్ కార్లు ఆపేసింది. కాబట్టి స్విఫ్ట్, డిజైర్ డీజిల్ అంటే ఎంత కొత్తదైనా 2020 నాటిదే. వాటిలోని 1.3 లీటర్ల ఇంజను ఫియట్‌ది. టాటా, మారుతి, ఫియట్ మూడూ వాడాయి కాబట్టి ఏ మెకానిక్‌కైనా చేతికి అలవాటైన ఇంజను. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఆగకుండా పరుగెత్తాలి. ఊళ్లోనే తిరిగితే మూసుకుపోతుంది.

సీఎన్‌జీ లెక్క ఇంకోలా ఉంటుంది. కిలో 92 రూపాయలు, కిలోకి 26 కిలోమీటర్లు అనుకుంటే 6,000 కిలోమీటర్లకి 21 వేలు చిల్లర. పెట్రోల్ కంటే ఏడాదికి 15 వేలు తక్కువ. కానీ డిక్కీ చాలావరకు సిలిండరే తినేస్తుంది. మూడేళ్లకోసారి సిలిండర్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించాలి. బయట కిట్ పెట్టించిన బండి అయితే సీ బుక్‌లో సీఎన్‌జీ అని ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర గొడవ మొదలవుతుంది.

మైలేజీ అంకెలో ఇంకో కిటుకు ఉంది. లీటరుకి 10 ఇచ్చే బండి నుంచి 15 ఇచ్చే బండికి మారితే ప్రతి వంద కిలోమీటర్లకీ 3.3 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కి మారితే మిగిలేది ఒక్క లీటరే. రెండు చోట్లా పెరిగింది ఐదే. చిన్న కార్ల మధ్య 19 మేలా 21 మేలా అని తెగ వాదించుకుంటాం గానీ, నెలకి 500 తిరిగేవాడికి ఆ తేడా ఏడాదికి మూడున్నర వేల లోపే.

ఈ20 పెట్రోల్‌తో పాత బండి సంగతి ఏమిటి?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం ఖాయం. ఎంత తగ్గుతుందన్న దగ్గరే వాదన. ఈ10కి తయారై ఈ20కి సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం అని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖ చెప్పింది. మాకు అంతకంటే ఎక్కువే తగ్గిందని చాలామంది పాత కార్ల యజమానులు అంటున్నారు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా బంకుల్లో ఉంచాలని వేసిన పిటిషన్‌ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే బంకులో దొరికేదే వాడుకోవాలి.

డబ్బుల్లో చూస్తే మా వాడి లెక్కలో 6 శాతం తగ్గినా ఏడాదికి 2,300 రూపాయల చుట్టూ అదనం. నాకు దానికంటే రబ్బరు పైపులు, సీళ్ల గురించే ఎక్కువ ఆలోచన. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో ఆ భాగాలు ఈ20ని తట్టుకునేలా వస్తున్నాయి. అంతకు ముందువి మోడల్‌ని బట్టి ఉంటాయి. పదేళ్లు దాటిన బండిలో రబ్బరు ఎలాగూ గట్టిపడి ఉంటుంది కాబట్టి ఫ్యూయల్ పైపులకి కొద్దిగా డబ్బు పక్కన పెట్టుకోవడం మంచిది.

జీఎస్టీ తగ్గాక పాత కారు ధర ఎంత ఉండాలి?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజను ఉంటే అది చిన్న కారు కింద లెక్క. అంతకు ముందు 28 శాతం పన్ను, ఒక శాతం సెస్సు ఉండేవి. పన్ను లేకుండా నాలుగు లక్షల కారు అప్పట్లో 5,16,000 అయితే ఇప్పుడు 4,72,000. అంటే 44 వేలు తగ్గింది. కొత్త కారే అంత తగ్గినప్పుడు జీఎస్టీ తగ్గకముందు చెప్పిన రేటే పాత కారుకి ఇప్పుడూ చెబితే బేరం ఆడే హక్కు కొనేవాడికి ఉంది.

పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అన్న వార్త చూసి కంగారు పడ్డవాళ్లూ ఉన్నారు. అది డీలర్ తన లాభం మీద కట్టే పన్ను. మనిషి దగ్గర మనిషి కొనుక్కుంటే అది వర్తించదు.

బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఇన్సూరెన్స్ పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది, అది చూడొచ్చు. బండి పోతే బీమా కంపెనీ ఇచ్చే విలువ అది. కొత్త ధరలో మూడు నుంచి నాలుగేళ్ల మధ్య 40 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తరుగుదల తీస్తారు. గిరాకీ ఉన్న మోడళ్లు మార్కెట్‌లో దానికంటే పైనే పలుకుతాయి. అయినా నేల ఎక్కడుందో తెలుస్తుంది.

మీటర్ చెప్పని చరిత్ర

ఇక్కడే డబ్బు ఎక్కువగా పోతుంది. మీటర్ తిప్పడం పెద్ద పనేమీ కాదు, డిజిటల్ మీటర్ అయితే ఇంకా సులువు. తిరుచానూరు రోడ్డులో ఒకాయన, "కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి చెప్తా సామీ, నేను మీటర్ ముట్టుకోలేదు" అన్నాడు. ఆయన మాట నిజమే అయ్యుండొచ్చు. ఆయన కొనకముందే ఎవరో తిప్పి ఉంటే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకే బండి మీద ఆనవాళ్లు చూస్తారు. మీటర్ 40 వేలు చూపిస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తుంటే ఆ రెండింటికీ పొత్తు కుదరదు. టైరు పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3521 అంటే 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. 2018 బండికి నాలుగు టైర్లూ 2021వి అయితే అప్పటికే ఒక సెట్టు అరిగిందన్నమాట. అన్నిటికంటే గట్టి సాక్ష్యం షోరూమ్ ట్రాక్. నంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో వాళ్ల రికార్డులో వరుసగా ఉంటుంది. ఓనరుని వెంటబెట్టుకుని వెళ్తే చాలాచోట్ల చెబుతారు.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. భక్తుల కోసం తిరిగే ట్యాక్సీలు ఇక్కడ లెక్కలేనన్ని. కొన్నాళ్లకి వాటిని ఎల్లో బోర్డు నుంచి వైట్ బోర్డుకి మార్చి అమ్ముతారు. అది చట్టప్రకారమే జరుగుతుంది, తప్పేమీ లేదు. ట్యాక్సీ బండికి సర్వీసు టైముకి జరుగుతుందనీ, హైవే మీద తిరిగిన ఇంజను గట్టిగా ఉంటుందనీ అనేవాళ్ల మాటలో నిజం ఉంది. కానీ రోజూ కొండ ఎక్కి దిగిన బండికి క్లచ్చు, బ్రేకులు, సస్పెన్షన్ పడే కష్టం వేరు. కొంటే ట్యాక్సీ ధరకి కొనాలి. ఇంటి బండి ధర పెట్టి ట్యాక్సీ కొనుక్కోవడమే నష్టం. పాత ఇన్సూరెన్స్ కాగితాల్లో, ఆర్టీఓ రికార్డులో మోటార్ క్యాబ్ అని ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇక నీళ్లలో మునిగిన బండ్లు. చెన్నై మనకి మూడు గంటల దూరం. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను, తిరుపతిలోనే 2021 నవంబర్ వరద. ఆ కార్లన్నీ తుక్కు అయిపోలేదు. బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద రాసి వేలం వేసినవి బాగు చేయించుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి.

ఆ ఆదివారం మా వాడికి బాగా నచ్చిన తెల్ల కారు అలాంటిదే. పాలిష్ మెరిసిపోతోంది, సీట్ కవర్లు కొత్తవి, ఏసీ చల్లగా వస్తోంది. మాతో వచ్చిన మెకానిక్ ఇంజను వైపు చూడనే లేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. లాగుతూ లాగుతూ ఉంటే, మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు దగ్గర టీ మరకలా ఒక అడ్డగీత. గీతకి కింద బెల్టు రంగు మట్టి రంగు. వేలితో రుద్దితే సన్నటి ఒండ్రు వచ్చింది. సీటు కింద బోల్టులు చూస్తే తుప్పు. అమ్మే కుర్రవాడు ఏమీ మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు. నీళ్లు తాకిన వైరింగు ఎప్పుడు ఎక్కడ మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎయిర్‌బ్యాగ్ వైరు కూడా ఆ నీళ్లలోనే నానింది మరి.

ఇంజను విషయానికొస్తే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడటమే అసలు పరీక్ష. మనం వచ్చేసరికే వేడి చేసి పెడితే అనుమానించాల్సిందే. నీలం పొగ ఇంజనాయిల్ మండుతోందని, ఆగకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్ లోపలికి పోతోందని, నల్ల పొగ ఇంధనం సరిగ్గా మండటం లేదని చెబుతాయి.

కేఏ (కర్ణాటక) బండి, టీఎన్ (తమిళనాడు) బండి ఎందుకు చవక?

చిత్తూరు నుంచి వేలూరు దాదాపు నలభై కిలోమీటర్లు. అటు బెంగళూరు, ఇటు చెన్నై. రెండూ పెద్ద మార్కెట్లు, బండ్లు ఎక్కువ, ధర తక్కువ. బెంగళూరులో 2,80,000కి దొరికే కారు తిరుపతిలో 3,25,000 ఉంటే 45 వేలు మిగిలినట్టే కనిపిస్తుంది.

కానీ ఆ రాష్ట్ర ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది 25 వేలు, తిరుగుడు ఖర్చులు పది వేలు అనుకుంటే మిగిలేది పది వేలు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగొచ్చు. అయితే దానికి ఓపిక కావాలి, బండి అమ్మినాయన సహకారమూ కావాలి.

"ఏడాది దాకా ఏమీ అవసరం లేదు" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెప్పే 12 నెలల గడువు కొత్త నంబరు తీసుకోవడం గురించి. పన్ను రాష్ట్రం పరిధిలోది, దాని నిబంధనలు వేరు. ఈ రెండింటినీ కలిపేసుకునే చాలామంది తనిఖీల్లో ఇబ్బంది పడతారు.

ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అంటే ఏమిటి?

పేరు మార్పుకి వాడే ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాడి సంతకాలు తీసుకుని, కొనేవాడి పేరు ఖాళీగా వదిలేసి, బండి చేతులు మారడం. కన్సల్టెన్సీకి పని తేలిక, మధ్యలో పేరు మార్పు ఖర్చు ఉండదు. చట్టం దృష్టిలో మాత్రం బండి ఇంకా పాత ఓనరుదే. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న మనిషే పరిహారానికి బాధ్యుడు. అమ్మేసి హాయిగా ఉన్నాననుకున్న మనిషికి ఏళ్ల తర్వాత కోర్టు నోటీసు వచ్చేది ఇలాగే.

ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రం అయితే 45 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. కొన్నవాడికి 30 రోజులు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోవాలి, బండి తమ చేతికి రాగానే ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. అలా చేస్తే బాధ్యత ఓనరు నుంచి డీలర్‌కి మారుతుంది.

ఫైనాన్స్ బండి అయితే అప్పు తీరిందన్న బ్యాంకు ఎన్ఓసీ, సీ బుక్‌లో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 లేకుండా పేరు మారదు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మార్పించుకోవాలి. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కొన్నవాడికి రాదు.

చివరికి మిగిలిన రెండు బండ్లు

ఒకటి 2018 వ్యాగన్ఆర్ పెట్రోల్. ఏపీ 03 నంబరు, ఫస్ట్ ఓనర్, 48 వేల కిలోమీటర్లు, షోరూమ్ ట్రాక్ మొత్తం ఉంది, ధర 3,40,000. రెండోది 2014 స్విఫ్ట్ డీజిల్. టీఎన్ నంబరు, మీటర్ మీద 92 వేలు, రికార్డు లేదు, 3,10,000. మా వాడి మనసు స్విఫ్ట్ మీదే.

నాలుగేళ్లకి 24,000 కిలోమీటర్లు వేసుకున్నాం. వ్యాగన్ఆర్ 17 ఇస్తే 1,55,000 పెట్రోల్. స్విఫ్ట్ 21 ఇస్తే 1,12,000 డీజిల్. ధరలో తేడా కూడా కలిపితే స్విఫ్ట్ 73 వేలు ముందుంది. అప్పుడు అవతలి పక్క రాశాం. లైఫ్ ట్యాక్సు 25 వేలు, టైర్లు బ్యాటరీ 22 వేలు, క్లచ్చు సస్పెన్షన్ 30 వేలు, డీజిల్ సర్వీసు అదనం 16 వేలు. మొత్తం 93 వేలు. ఇరవై వేల తేడాతో స్విఫ్ట్ వెనకబడింది. పైగా 2029లో దానికి 15 ఏళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

అదే మనిషి నెలకి 2,000 తిరిగితే ఒక్క ఇంధనంలోనే లక్షా 73 వేలు మిగిలేది. రిపేర్లు ఇంకొంచెం పెరిగినా స్విఫ్టే గెలిచేది.

మా వాడు వ్యాగన్ఆర్ తీసుకున్నాడు, 3,28,000కి తెగింది. పేరు మారిన సీ బుక్కు పోయిన వారం వచ్చింది. పలమనేరు వెళ్లొచ్చి ట్యాంకు నింపి కొలిస్తే 17.2 వచ్చిందని ఫోన్ చేసి చెప్పాడు.